వాసన నిలిచే నేల

మా అన్నగారిని వదినగారు వసారా స్తంభానికి కట్టడం మొదలుపెట్టిన ఏడాదే నేను ఒక కుక్కకు మనిషి జాడ వాసన పట్టడం నేర్పాను. ఈ రెండూ వేర్వేరు సంగతులు కావు కాబట్టి ఒకచోటే రాస్తున్నాను.

అప్పటికి నేను ఊరి మునసబు పని వదిలేసి తీరికగా ఉన్నాను. చిన్నప్పుడు తాటాకు మీద గంటంతో మొదలుపెట్టిన దినచర్య కాగితం మీదికి మారింది కాని అలవాటు మారలేదు. వాన పడిందా, గాలి ఎటు నుంచి, ఇంటికి ఎవరొచ్చారు, ఏమన్నారు, ఇవి రాయకుండా నేను పడుకునేవాణ్ణి కాను. ఇంట్లోవాళ్లు దీన్ని వేళాకోళం చేసేవారు. కుక్క విషయంలో మాత్రం ఆ అలవాటే పనికొచ్చింది. ఏ నేల మీద, ఏ గాలిలో అది గెలిచిందో, ఎక్కడ ఓడిందో మరునాటికి మరవకుండా పట్టుకోగలిగాను.

అన్నగారు పుట్టు రైతు. నేను కచేరీ కాగితాలు చూసుకుంటుంటే ఇంటి వ్యవసాయమంతా ఆయనే నడిపారు. పెద్దతనంలో ఆయనకు మతి జారింది. ముందు పేర్లు పోయాయి, తర్వాత మనుషులు పోయారు. కాళ్లు మాత్రం పోలేదు. తెల్లారితే ఎక్కడికో బయలుదేరేవారు. మునుపటి రోజులైతే అది పెద్ద భయం కాదు; మెరక పొలాలు, తెలిసిన మనుషులు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవారు. కాని గోదావరి మీద ఆనకట్ట కట్టాక అమలాపురం వైపు వెళ్లే కొత్త కాలువ మా ఊరి మీదుగా తవ్వారు. మా సొంత పొలాన్నే నిలువునా రెండుగా చీల్చుకుంటూ వెళ్లింది. ఆ కాలువను నేను తప్పుపట్టను. అది వచ్చాక మా ఊళ్లో కరువు మాట వినపడలేదు. కాని అన్నగారి మతిలో ఆ కాలువ లేదు. ఆయన నడిచేది కాలువ తవ్వకముందు ఉన్న ఊళ్లో. అందుకని కాలువ గట్టు ఎక్కి, నేల ఉందనుకుని అటువైపు అడుగు వేయబోయేవారు. రెండుసార్లు ఎవరో చూసి వెనక్కి లాగారు.

రెండోసారి జరిగిన మరునాడు మధ్యాహ్నం నేను భోజనం చేసి వసారాలోకి వచ్చేసరికి అన్నగారు స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నారు. నడుముకు దూడలకు కట్టే నూలు పలుపు.

"ఇదేం పనండీ వదినగారూ?" అన్నాను.

"మరేం చెయ్యమంటారు మరిదిగారూ? నా కాళ్లు ఆయన కాళ్ల వెనక పరిగెత్తలేవు. నేను స్తంభానికి కట్టకపోతే కాలువ పొట్టన పెట్టుకుంటది."

"పలుపుతోనా?"

"మెత్తగా ఉంటదని పలుపు తెచ్చేను. పట్టుపంచె పేని కట్టమంటారా ఏంటండీ?"

అంటూనే ఆవిడ వంగి, తాడు ఒరుసుకోకుండా ఒక పాత చీర ముక్క మడతపెట్టి ఆయన నడుముకూ పలుపుకూ మధ్య దోపారు. అన్నగారు ఆవిడను చూసి మర్యాదగా చేతులు జోడించారు. ఆవిడ ఎవరో ఆయనకు తెలియదు.

నాకు కుక్క సంగతి ఆ సాయంత్రమే తోచింది. కాలువ తవ్వించడానికి వచ్చిన దొర దగ్గర ఒక వేటకుక్క ఉండేది. కూలీల లెక్క అప్పగించడానికి నేను వెళ్లినప్పుడు దొర ఒకసారి వినోదానికి తన బంట్రోతును కొబ్బరి తోటల్లోకి పంపి, కాసేపు ఆగి, బంట్రోతు తలగుడ్డ కుక్కకు వాసన చూపించి వదిలాడు. నేల మీదికి ముక్కు వంచి అది సూటిగా వెళ్లి, గడ్డివాము వెనక దాక్కున్నవాణ్ణి పట్టేసింది. ఆ కుక్కకూ మా ఊరి కుక్కకూ పుట్టిన పిల్ల ఒకటి మా దొడ్లోనే పెరుగుతోంది. చెవులు దొర వైపు, తోక మా ఊరి వైపు. తండ్రికి ఉన్న ముక్కు దీనికీ ఉంటుందని నాకు గట్టి నమ్మకం కలిగింది.

వదినగారితో ఆ మాట చెప్పాను. కుక్క అన్నగారి జాడ పట్టగలిగితే ఆయన ఎటు వెళ్లినా నిమిషాల మీద వెతికి తేవచ్చని, అప్పుడు కట్టాల్సిన పని లేదని.

ఆవిడ చేట పక్కన పెట్టి విన్నారు. "ఆటల్లో చూపిస్తే కాదండి. నిజంగా తప్పిపోయిన రోజున అది ఆయన్ని చూపించనీయండి. ఆ రోజే పలుపు విప్పేస్తాను," అన్నారు.

కట్టేసిన మనిషి నిజంగా తప్పిపోయేది ఎప్పుడండీ అని నేను అడగలేదు. మాట ఇచ్చారు, అంతవరకు చాలు.

మొదట మా కొబ్బరి తోటలో మొదలుపెట్టాను. నీడ ఉంది, నేల తడిగా ఉంటుంది, ఇంటికి దగ్గర. ఇంతకంటే మంచి చోటు ఏముంటుందనుకున్నాను. అన్నగారిని ఒక చెట్టు మొదట్లో కూర్చోబెట్టి కుక్కను వదిలితే అది ముక్కు వంచనే లేదు. మా తోటల కింద తుప్పలుండవు. చెట్ల మొదళ్ల మధ్య నుంచి చివరిదాకా చూపు ఆనుతుంది. కుక్క తలెత్తి తెల్లపంచె ఎక్కడుందో చూసి పరిగెత్తేది. కళ్లతో పని జరిగిపోయేచోట ముక్కు నేర్చుకోదు. తోట వదిలేశాను.

తర్వాత కాలువ గట్టు చూశాను. అక్కడ పడవలు లాగే మనుషులు మోకు భుజాన వేసుకుని పొద్దస్తమానం నడుస్తారు. గోదావరి జిల్లా చెమటంతా ఆ గట్టు మీదే ఉంది. కుక్క తికమకపడి ఒక పడవ వెనకాలే బయలుదేరింది. సముద్రపు ఒడ్డున ఇసుక పర్రలు బాగుంటాయని ఎవరో అంటే అక్కడికీ ఒకసారి తీసుకెళ్లాను. పొడి ఇసుకలో వాసన నిలవదు, ఎండకు గాలికి ఎగిరిపోతుంది. పైగా చేపలు ఎండబెట్టిన చోటు పక్కనే ఉంది. కుక్క నాకు ఒక ఎండు చేప తెచ్చి పెట్టి, మెచ్చుకుంటానని చూసింది.

ఈ ప్రయత్నాలకు నాకు తోడు వదినగారి తమ్ముడు. నాకంటే చిన్నవాడు, వైనతేయ గోదావరి పాయ నడుమ లంక పొలం ఉన్న రైతు, నోట్లో చుట్ట ఆరనివ్వడు. అన్నగారి వాసన కుక్కకు తెలియడానికి ఏదైనా వస్తువు కావాలి కదా, అన్నగారు కాల్చి పారేసిన చుట్ట ముక్క చూపిద్దామని నాకు సలహా ఇచ్చిందీ అతనే. కుక్క ఆ ముక్క వాసన చూసి, నేల వాసన చూసి, ఎంతో పట్టుదలగా వెళ్లి బావమరిది ముందే కూర్చుంది.

"కోనసీమలో చుట్ట కాల్చని మొగాడెవడు బావా? పొద్దుగూకేలోగా ఇది రాజోలు దాకా అందర్నీ పట్టుకొస్తది," అని నవ్వాడు.

చివరికి వరి పొలాల గట్లు బాగున్నాయనిపించింది. కోతలు కాలేదు, చేను నడుము ఎత్తు ఉంది, కాబట్టి మనిషి కూర్చుంటే కంటికి కనపడడు. గట్టు మీద గడ్డి, గడ్డి మీద పొద్దున్నే మంచు. రోజూ ఉదయం వదినగారు పలుపు విప్పేవారు. అన్నగారు ముందు, ఆయన వెనక తాటాకు గొడుగు పట్టుకుని నేను. మా ఇళ్లలో పెద్దవాళ్ల వెనక చిన్నవాళ్లు నడవడం రివాజు. రివాజు లేకపోయినా ఆ గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడవలేరు. గట్టు వెడల్పు ఒక పాదం. పుట్టిన దగ్గర్నుంచీ మేమంతా అలాగే ఒకరి అడుగులో ఒకరు అడుగు వేసి నడిచినవాళ్లం. పొలం చివర ఒక తాటిచెట్టు కింద అన్నగారిని కూర్చోబెట్టి, నేను మరో గట్టు మీదుగా ఇంటికి వచ్చి కుక్కను వదిలేవాణ్ణి. అది ముక్కు వంచి, మలుపు మలుపుకూ తిరిగి, తాటిచెట్టు దగ్గర అన్నగారి ఒళ్లో తల పెట్టేది. ఒక్కసారి కూడా తప్పలేదు. వదినగారికి చూపించాను, ఊళ్లో నలుగురికీ చూపించాను. దినచర్యలో ఆ రోజుల్లో నేను రాసుకున్నది ఇప్పుడు చదివితే కుక్కకంటే నన్ను నేనే ఎక్కువ మెచ్చుకున్నట్టు కనిపిస్తుంది.

ఒక ఉదయం అన్నగారు తాటిచెట్టు కింద ఉండకుండా లేచి వెళ్లిపోయారు. ఆ సంగతి తెలియక నేను ఇంటికి వచ్చి కుక్కను తీసుకుని, చూడ్డానికి వచ్చిన బావమరిదిని, ఇంకో ఇద్దరు రైతులను వెంటబెట్టుకుని బయలుదేరాను. కుక్క ఎప్పటిలాగే తాటిచెట్టు దాకా వెళ్లింది. మనిషి లేడు. అది ఏమాత్రం జంకకుండా ముక్కు వంచి ముందుకు సాగింది. "చూశారా, ఎటు వెళ్లారో పట్టేసింది," అన్నాను. రెండో గట్టు ఎక్కింది. ఒక ముళ్లతుప్ప వెనక్కి వెళ్లి కాసేపు శ్రద్ధగా ఆగింది. అక్కణ్ణుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, వసారాలో నేను కూర్చునే పీట దగ్గర నిలబడి తోక ఊపింది.

బావమరిది ఆ పీటను, నన్ను చూసి, దారిలో వదిలి వచ్చిన తుప్పను తల్చుకుని అర్థం చేసుకున్నాడు. "ఇందాక చెంబట్టుకుని ఆ తుప్ప వెనక్కి నువ్వేనా బావా వెళ్లింది?"

"ఆయ్," అన్నాను.

"అయితే ఇది పెద్దబావగారి జాడ కాదు. నీ చెంబు జాడ."

అన్నగారిని పడవ లాగేవాళ్లు తీసుకొచ్చారు. కాలువలో మోకాళ్ల లోతున నిలబడి ఉన్నారట. వదినగారు తడి పంచె మార్చి, ఆయన్ను స్తంభం దగ్గర కూర్చోబెట్టి కట్టారు. "ఇంక పొద్దున్న కూడా అంతేనండి మరిదిగారూ," అని లోపలికి వెళ్తూ అన్నారు.

తప్పు ఎక్కడుందో పట్టడానికి నాకు ఆ సాయంత్రం చాలింది. ఇన్నాళ్లూ గట్టు మీద అన్నగారి అడుగు మీద నా అడుగు పడింది. పై వాసన నాది. కుక్క నేర్చుకున్నది నా వెనక రావడం. అన్నగారు దానికి దారి చివర దొరికే బహుమానం. అందులో దాని తెలివితక్కువ ఏమీ లేదు, చక్కగా నేర్చుకుంది. మార్చాల్సింది నేల. ఇద్దరు మనుషులు విడివిడిగా నడవగల నేల కావాలి. అందులో ఒక జాడ వదిలి ఇంకోటి పట్టమని దానికి చెప్పగలగాలి. అది చెప్పేది నిజమో కాదో నా కంటికి తెలియాలి కూడా.

కోనసీమలో అటువంటి నేల ఎక్కడుందని ఆలోచిస్తే ఒకటే తట్టింది. మరునాడు బావమరిదిని అడిగాను.

"నా లంకలో ఏముంది బావా, ఇసుక, రెల్లు, నేనూ," అన్నాడు.

"పొగాకు నాటని మెరక ఉంది కదా?"

"ఉంది. గరిక తప్ప ఏం లేదక్కడ."

"అదే కావాలి."

ఆ లంక మెరకను నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. వరద తీసినప్పుడు పరుచుకున్న ఒండ్రు, దాని మీద పొట్టి గరిక. పొద్దున్నే మంచు పడి తడిగా ఉంటుంది, వాసన ఎండ ఎక్కేదాకా నిలుస్తుంది. గరిక లేనిచోట ఒండ్రు మీద అడుగు అచ్చు గుద్దినట్టు పడుతుంది. అన్నగారి ఎడమకాలి బొటనవేలు నాగలి తగిలి పక్కకు ఒరిగి ఉండేది, కాబట్టి ఆ అడుగు ఎవరిదో నాకు సందేహం ఉండదు. అంచుల్లో రెల్లు, దాని వెన్నులు ఎటు వంగితే గాలి అటు పోతున్నట్టు. పశువుల్లేవు, దారిన పోయేవాళ్లు లేరు. చుట్టూ గోదావరి ఉంది కాని, అన్నగారి పక్కన బావమరిది ఉంటాడు. పడవ దగ్గర నేనుంటాను.

వదినగారిని ఒప్పించడం నా వల్ల కాలేదు. ఆవిడ తమ్ముడు ఒప్పించాడు.

"నా చూపు దాటనివ్వనక్కా. ఆయనకేవన్నా అయితే నీ మొహం చూడను," అన్నాడు.

"ఆయనకేవన్నా అయితే నీ మొహం నాకెందుకురా?" అని, పలుపు విప్పారు.

వాసన చూపించడానికి వస్తువు కూడా ఆవిడ దగ్గరే దొరికింది. పంచెలు, ఉత్తరీయాలు అన్నీ చాకలి చౌడులో ఉడకబెట్టి తెస్తాడు. వాటిలో మనిషి వాసన మిగలదు. ఇంట్లో ఉతకని గుడ్డ ఒక్కటే ఉంది, పలుపు కింద దోపిన ఆ చీర ముక్క. రోజంతా ఆయన ఒంటిని అంటుకుని ఉంటుంది.

లంకలో కుక్కను వదిలేదాకా నేను ఒడ్డు దాటి లోపల కాలు పెట్టలేదు. అన్నగారు, బావమరిది పక్కపక్కన, మధ్య ఒక బండి పట్టే ఎడంతో బయలుదేరేవారు. కొంత దూరం వెళ్లాక చెరో వైపు విడిపోయి, బావమరిది ఆయన మీంచి చూపు తిప్పకుండా చుట్టు తిరిగి వచ్చి రెల్లులో అన్నగారి దగ్గర కూర్చునేవాడు. అప్పుడు గుడ్డ చూపించి కుక్కను వదిలేవాణ్ణి. మొదటి ఉదయం అది నా చుట్టూ తిరిగి, నా జాడ కోసం వెతికి, దొరక్క కూర్చుంది. రెండో ఉదయం చుట్ట కంపు వెనక వెళ్లింది. ఆ తర్వాత ఒకరోజు, రెండు జాడలూ విడిపోయిన చోట అది బావమరిది వైపు తిరిగి, ఆగి, వెనక్కి వచ్చి, గరికలో ముక్కు దూర్చి అన్నగారి వైపు మళ్లింది. వెనకాలే వెళ్లి ఒండ్రు మీద చూశాను. ఒరిగిన బొటనవేలు. ఆ పూట దానికి పెరుగన్నం నా విస్తట్లోంచే పెట్టాను.

అక్కణ్ణుంచి ఒక్కో చోటూ కొంచెం కష్టమయ్యేలా ఎంచుకుంటూ వచ్చాను. లంకలో గెలిచాక కోతలైన వరి మళ్లు. ఆ తర్వాత బళ్ల బాట దాటించడం. తోటలోకి కూడా మళ్లీ వెళ్లాం, కాని ఈసారి అన్నగారు తోట దాటి కనపడకుండా ఉండేవారు. ఇంటి వాకిట్లో పేడనీళ్ల కళ్లాపి చల్లాక ఏ కుక్క ముక్కూ పనిచేయదు. అందుకని వాకిలి వదిలేసి, ఇంటి చుట్టూ తడి లేనిచోట తిప్పితే బయటికి వెళ్లిన జాడ ఎక్కడో ఒకచోట తగులుతుందని నేర్పాను. చివరగా కాలువ. బావమరిది అన్నగారిని తాటి దోనెలో దాటించి అవతల కొంత దిగువన దింపేవాడు. కుక్క నీటి ఒడ్డున ఆగేది. దాన్ని దోనెలో అవతలికి తీసుకెళ్లి గట్టు వెంట నడిపిస్తే, దిగిన చోట మళ్లీ అందుకునేది. నీళ్ల దగ్గర ఆగడం ఓటమి కాదని అది నేర్చుకుంది. నేనూ నేర్చుకున్నాను.

ఇదంతా అయినా వదినగారు పలుపు మానలేదు. "ఆటల్లో బావుందండి," అనేవారు. అన్న మాట మీద నిలబడే మనిషి ఆవిడ. నాకు అందులో ఫిర్యాదు లేదు.

మినుము పైరు కాయ పట్టే రోజుల్లో ఒక ఉదయం నేను అరుగు మీద కలం చెక్కుకుంటుంటే ఆవిడ వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చారు.

"మరిదిగారూ, ఆయన లేరండి."

స్తంభం దగ్గర పలుపు తెగలేదు, కొయ్యలేదు. ముడి విప్పి, చుట్ట చుట్టి, గోడకున్న వంకెకు తగిలించి ఉంది. మనుషుల ముఖాలు చెరిపేసిన ఆ మరుపు చేతులను మాత్రం ముట్టుకోలేదు. జీవితమంతా పశువుల ముడులు వేసి విప్పిన చేతులవి. పని అయిపోయిన తాడును రైతు ఎక్కడ పెడతాడో అక్కడే పెట్టి వెళ్లారు.

"నేనే ముడి సరిగ్గా వెయ్యలేదు," అన్నారు వదినగారు.

"మీరు గట్టిగానే వేసేరండి. వేసింది పశువు ముడి కదా, ఆయనకి తెలిసిన ముడి." కింద పడి ఉన్న చీర ముక్క తీసుకున్నాను. "బావమరిదికి కబురు పంపించండి. కంగారు పడకండి."

నిజంగానే నాకు కంగారు లేదు. వాకిట్లో కళ్లాపి ఇంకా తడిగా ఉంది. కుక్కను పక్కనుంచి తిప్పాను. గడ్డిమేటు వెనక అది ఆగి, ముక్కు వంచి, బయలుదేరింది. తోట గుండా వెళ్లింది. బళ్ల బాట దగ్గర కాసేపు తడబడి దాటింది. బావమరిది పరిగెత్తుకుంటూ వచ్చి కలిశాడు, వెనక వదినగారు కూడా వచ్చారు. కుక్క కాలువ గట్టు ఎక్కి, నీటి వైపు దిగి, అంచున నిలబడిపోయింది.

గట్టు మీద జనం పోగయ్యారు. ఎవరో గెడ తెమ్మన్నారు, ఎవరో ఈతగాళ్లను పిలవమన్నారు. బావమరిది నోట్లో చుట్ట తీసి పారేశాడు. నేను చూస్తుండగా అతను అలా చేయడం అదొక్కసారే.

"ఇక్కడితో ఆగిపోయింది బావా," అన్నాడు మెల్లగా.

వదినగారు గట్టు మీద కూర్చుండిపోయారు. "కట్టినా దక్కలేదు," అన్నారు.

"ఆగింది వాసనండీ, ఆయన కాదు," అన్నాను. "అవతల చూడాలి. దోనె ఎక్కవోయ్."

దోనెలో ఎటు వెతకాలో ఆలోచించుకున్నాను. ఆయన మునిగి ఉంటే నేను వెళ్లి చేసేది లేదు, దానికి గెడలు పట్టినవాళ్లున్నారు. దాటి ఉంటే ఏదో పడవ మీదే దాటి ఉండాలి. ఆ పూట పడవలు అమలాపురం వైపు దిగువకు వెళ్తాయి. అందుకని దిగువకు చూడాలి. అవతల దిగి, కుక్కకు మళ్లీ గుడ్డ చూపించి గట్టు వెంట నడిపించాను. పడవ లాగేవాళ్ల చెమట మీద అది ఒక్క క్షణం కూడా ఆగలేదు. కొంత దూరం పోయాక, పడవ ఒరుసుకుని ఆగిన గుర్తు ఉన్న చోట ముక్కు కిందికి వంగింది, మా ఊరి తోక పైకి లేచింది. బురదలో అడుగు ఉంది. బొటనవేలు ఒరిగి ఉంది.

నేను ఇవతలి గట్టు వైపు తిరిగి చెయ్యి ఊపాను. వదినగారు లేచి నిలబడడం కనిపించింది.

కుక్క మినుము చేల మధ్య నుంచి మమ్మల్ని ఒక ఎత్తయిన చోటికి తీసుకెళ్లింది. అది మా పొలమే, కాలువకు అవతల పడ్డ సగం. కాలువ రాకముందు మా కళ్లం అక్కడ ఉండేది. కుప్పలు వేసి, నూర్చి, ధాన్యం ఇంటికి చేరేదాకా అన్నగారు అక్కడే కాపలా పడుకునేవారు. ఇప్పుడక్కడ కలుపు తప్ప ఏమీ లేదు. దాని మధ్య ఒక కర్ర ఒళ్లో పెట్టుకుని ఆయన గొంతుకూర్చుని ఉన్నారు. కుక్క వెళ్లి ఆయన మోకాలి మీద తల పెట్టింది.

"ఎవరది? తమ్ముడా? ఇంత పొద్దెక్కినాక వస్తావేంట్రా? కుప్ప ఒంటిగా వదిలి రాలేక ఇక్కడే కూర్చున్నాను."

ఆయన నన్ను తమ్ముడా అని పిలిచి చాలాకాలమైంది. "ఆలస్యమైపోయిందండి అన్నయ్యగారూ," అన్నాను. "కాలువ ఎలా దాటేరండీ?"

"ఏ కాలువ?" అన్నారు.

దాటిన వైనం తర్వాత తెలిసింది. గడ్డి పడవ ఒకటి గట్టు పక్కగా వెళ్తుంటే ఈయన చెయ్యెత్తి ఆపారట. పడవవాడు మా బావమరిదికి చెప్పాడు: "పెద్దాయన దర్జాగా 'బండి ఆపి నన్ను కళ్లం దాకా ఎక్కించుకో' అన్నారండీ. పెద్దాయన మాట కాదంటామా, ఆయ్ అన్నాను. ఎక్కడ దింపమంటే అక్కడ దింపేను."

అన్నగారు కుక్కను పరీక్షగా చూశారు. "ఈ కుక్క ఎవరిది?"

"మనదేనండి."

"బావుంది. కళ్లం దగ్గర ఉంచు. ఆకలేస్తంది, మీ వదిన ఇంకా అన్నం పంపలేదేం?"

ఆ మాట అనేసరికి వదినగారు ఇంకో దోనెలో దాటి చేలో పడి వస్తూనే ఉన్నారు. దగ్గరికి వచ్చి ఆయాసం తీర్చుకున్నారు. ఏడుస్తారనుకున్నాను. ఆవిడ కుప్ప ఉండాల్సిన చోటు ఒకసారి చూసి, ఆయన చేతిలో కర్ర తీసుకున్నారు.

"అన్నం ఇంటి దగ్గర వడ్డించే ఉందండి. మీరు వెళ్లి తిని రండి. కుప్పకి నేనుంటాను."

"చిలకలు దిగుతాయి, జాగ్రత్త," అని చెప్పి ఆయన లేచారు. నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగి, "పిల్ల మంచిది. ఎవరమ్మాయి?" అని నన్ను అడిగారు. వదినగారు విని, ముసలితనంలో సిగ్గుపడ్డట్టు కొంగు తల మీదికి లాక్కున్నారు.

ఇంటికి వచ్చాక బావమరిది ఊరుకోలేదు. "అక్కా, పందెం బావ గెలిచేడు. మాట మీద ఉంటావా, ఉండవా?"

"నేనెప్పుడు మాట తప్పేనురా? నువ్వే ఎన్నిసార్లు చుట్ట మానేస్తానన్నావు, ముందది చూసుకో." ఆవిడ వసారాలోకి వెళ్లి వంకె మీది పలుపు తీశారు. దొడ్లో ఆ వారమే ఈనిన ఆవు ఉంది. నేరుగా వెళ్లి దూడ మెడకు ఆ పలుపు వేసి గుంజకు కట్టారు. చీర ముక్క నా చేతికిచ్చి, "ఇది మీ దగ్గరే ఉంచండి. ఉతికించకండి," అన్నారు.

అన్నగారు తిన్న చెయ్యి కడుక్కుని, ఎవరూ పట్టుకోకుండా, వెనకే దొడ్లోకి వచ్చారు. దూడను చూశారు, గుంజను చూశారు. వంగి ముడి వేలితో కదిపి చూశారు.

"ఈ ముడి ఎవరేసేరు? ఇది నిలవదు," అని విప్పి, తన పద్ధతిలో మళ్లీ కట్టారు.